బండల బాటలో ఇరవై ఏడో ఇల్లు

మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే ఆ సంగతి నా దగ్గర దాచిపెడతారు. తెలిస్తే నేను కారణాలు చెప్పడం మొదలుపెడతానని వాళ్ల భయం. ఒంట్లో రక్తం తక్కువైతే ఏమవుతుందో, నిద్ర లేకపోతే ఏమవుతుందో, మనసులో దిగులు పేరుకుపోతే మనిషి ఎట్లా ఊగిపోతుందో నేను చదివాను. దయ్యాల మీద నాకు నమ్మకం ఎప్పుడూ లేదు. దయ్యాల పుస్తకాలు కూడా చదివాను, నవ్వుకోవడానికి.

నేను పుట్టింది మర్పల్లి. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. పెళ్లయి బొంరాస్‌పేట దగ్గరి ఈ ఊరికి వచ్చాక బట్టలు కుట్టడం నేర్చుకున్నాను. వారానికోసారి తాండూరు వెళ్లి లైనింగు గుడ్డ, దారాలు, హుక్కులు తెచ్చుకుంటాను. ఆ పని గంటలో అయిపోతుంది. తిరుగు బస్సుకు ఇంకా రెండు గంటలు ఉంటుంది. ఆ రెండు గంటలు గ్రంథాలయంలో కూర్చుంటాను. ఇరవై ఏళ్లుగా అదే నా బడి.

ఎవరు ఏ వింత చెప్పినా ‘నువ్వు కళ్లారా చూశావా?’ అని అడిగేదాన్ని. ఇప్పుడు అదే ప్రశ్న నాకు నేనే వేసుకోవాల్సి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

మా ఇల్లున్న వీధిని బండల బాట అంటారు. వెనకటికి ఎవరింటి ముందు వాళ్లు తాండూరు బండలు తెప్పించి పరుచుకున్నారట. అందుకే ఒక్కో ఇంటి ముందు ఒక్కో కొలత. ఉన్నవాళ్లవి పెద్దవి, నున్ననివి. లేనివాళ్లవి గనిలో పనికిరావని పారేసిన ముక్కలు. ఇప్పుడు నడిమధ్య సిమెంటు రోడ్డు పోశారు కానీ, అంచుల్లో పాత బండలు అట్లాగే ఉన్నాయి.

రెండేళ్ల కింద ఈ బాట చరిత్ర రాయాలని నాకు బుద్ధి పుట్టింది. రాజుల చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, మా బాట చరిత్ర ఎవరు రాస్తారు? నోటుబుక్కు కొని ఇల్లిల్లూ తిరిగాను. ఎవరు కట్టారు, ఏ పని చేశారు, ఎక్కడి నుంచి వచ్చారు. ఒక నియమం పెట్టుకున్నాను. ఇద్దరు మనుషులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, విడివిడిగా చెబితేనే ఏ సంగతైనా రాయాలి. చరిత్ర పుస్తకాల నుంచి నేర్చుకున్న పద్ధతి అది. అట్లా ఇరవై ఆరు ఇళ్లు ఎక్కాయి.

పన్నెండో ఇంటికీ పదమూడో ఇంటికీ మధ్య కందులు నిలువచేసే షెడ్డు పక్కగోడ ఉంది. ఇల్లు లేదు. కానీ ఆ గోడ ముందు మూడు పాత బండలు ఉన్నాయి. ఒక బండకు రెండు చదరపు గుంతలు, మట్టితో నిండిపోయి. ‘ఇల్లు లేని చోట బండలు ఎవరు పరిచారు?’ అని పుస్తకం చివర్లో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

ఇక మా అత్తమ్మ గురించి చెప్పాలి. పేరు నర్సమ్మ. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆరేళ్ల కింద చూపు పూర్తిగా పోయింది. చిన్నప్పుడు కుడిచేతి ఉంగరపు వేలు మీద బండ పడి, కొన సగం నలిగిపోయింది. అందుకని ఆమె బొట్టు పెడితే గుండ్రంగా పడదు, సగం చంద్రుడిలా పడుతుంది. బాటలో ఆమెను ‘అర బొట్టు నర్సమ్మ’ అంటారు. కుంకుమలో ఆముదం చుక్క కలిపి పెట్టడం ఆమె అలవాటు. ఇప్పుడు అట్లా ఎవరూ పెట్టరు.

మా దగ్గర కార్యం ఉంటే ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలుస్తారు. ఇంటికి తాళం ఉంటే దర్వాజకు, అంటే గుమ్మం చట్రానికి, బొట్టు పెట్టి, ఇంటామె పేరు పెట్టి పిలిచి వస్తారు. మనిషి లేకపోయినా దర్వాజ అందుకున్నట్టే లెక్క. ఫోన్లు వచ్చినా ఈ పద్ధతి పోలేదు. ఎదురుగా తిట్టినా ఆర్నెల్లకు మరిచిపోతారు కానీ, ఒక్క ఇంటికి బొట్టు తప్పిందంటే తరాలు మాట్లాడుకోరు.

పోయిన చలికాలం మా బిడ్డ శ్రావణికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు ఆదివారం, పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల కార్యం పెట్టుకున్నాం. గురువారం పొద్దున నేను కుంకుమ భరిణె పట్టుకొని బయల్దేరుతుంటే అత్తమ్మ మంచం మీద నుంచి లేచింది.

“నేను గూడ వస్త.”

“నీకు కండ్లు కనవడయి గదా అత్తమ్మా, యాడ తిరుగుతవు?”

“కాళ్లకు ఎర్కనే. ఒక ఇల్లు తప్పింది. నా చేతులతోనే పిలువాలె. మొన్న వానల్ల జరమొచ్చినప్పుడే పోతుంటి, గదొక్కటి మిగిలిందని లేచి కూసున్న.”

ఏ ఇల్లు అంటే చెప్పలేదు. ముసలితనం మాటలనుకున్నాను. చేయి పట్టుకొని తీసుకెళ్లాను. నిజంగానే ఆమె కాళ్లకు బాట తెలుసు. బండ మారగానే ఎవరిల్లో చెప్పేది.

పన్నెండో ఇల్లు దాటాక నా చేయి విడిపించుకుంది. నేరుగా షెడ్డు గోడ వైపు నడిచి ఆ మూడు బండల మీద నిలబడింది. వేలు భరిణెలో ముంచి, ఎదురుగా చేయి చాపింది. వేలు గోడను తాకలేదు. గోడకు జానెడు ఇవతల, గాలిలో, చెక్కకు ఆనినట్టు ఆగింది.

“బాలమ్మా, ఆయితారం నాడు మా ఇంట్ల తొట్టెల. పిల్లజెల్లతోటి రా. ఈ మాట నా నోటితోటే చెప్తున్న” అంది.

నేను నోటుబుక్కు కోసమని ఫోన్లో ఫోటో తీసుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం నవ్వు కూడా వచ్చింది. ఫోటో మీద టైము పది నలభై రెండు. తర్వాత ఆమె వేలు తుడుద్దామని కొంగు పట్టుకున్నాను. వేలు శుభ్రంగా ఉంది. కుంకుమ లేదు. గోడ మీదా లేదు. కింద బండ మీద రాలిందేమోనని వంగి చూశాను. అక్కడా లేదు. కుంకుమ సరిగ్గా అంటలేదులే అనుకొని పదమూడో ఇంటికి నడిచాను.

సాయంత్రం బాటలో అందరికన్నా పెద్దవాడు పెంటయ్య తాతను అడిగాను. ఆ గోడ దగ్గర బాలమ్మ అనే ఆమె ఇల్లు ఉండేదా అని.

“గాడ ఇల్లెక్కడిది పిల్లా? గాడ పెంటకుప్పలుండె. మీ అత్త వేరే ఊరు యాదికి తెచ్చుకున్నట్టున్నది” అన్నాడు.

ఇంకో ఇద్దరిని అడిగినా అదే మాట. అత్తమ్మ ఒక్కతే చెబుతోంది, ముగ్గురు కాదంటున్నారు. నా నియమం ప్రకారం ఆ ఇల్లు లేదు. చూపు పోయిన ముసలివాళ్లకు లేనివి కనిపించడం గురించి చదివాను కూడా. పుస్తకం మూసేశాను.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను అరుగు మీద జాకెట్టుకు హుక్కులు వేస్తున్నాను. బాట మొదట్లో ఆటో ఆగి ఒకామె దిగింది. డెబ్బై ఏళ్లుంటాయి. తెల్ల నేత చీర, మెడలో సన్నని గొలుసుకు చిన్న శిలువ, నుదుట బొట్టు లేదు. ఇళ్లన్నీ చూస్తూ నెమ్మదిగా వచ్చి షెడ్డు గోడ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత ఎవరినో అడిగి మా ఇంటికి వచ్చింది.

“అర బొట్టు నర్సమ్మ ఉన్నదా బిడ్డా, పోయిందా?”

“ఉన్నది. మీరెవరమ్మా?”

“బొట్టు పెట్టి పిలిచిండ్రు. ఏం కార్యమో చెప్పలే. అడుగుదామని వచ్చిన.”

ఇల్లు తప్పి వచ్చిందనుకున్నాను. నిన్న పిలిచిన ఇళ్లన్నీ నాకు తెలుసు. ఎక్కడ పెట్టారమ్మా అని అడిగాను.

“తాండూరుల. మా దర్వాజకు. నిన్న పొద్దుగాల.”

సూది చేతిలోనే ఉంది. అది వేలిలో దిగిన సంగతి తర్వాత జాకెట్టు మీద రక్తం మరక చూసినప్పుడు తెలిసింది.

ఆమె పేరు కరుణమ్మ. తాండూరులో కొడుకు, కోడలితో ఉంటుంది. గురువారం పొద్దున తొమ్మిదింటికి కోడలు దర్వాజ, గడప తుడిచి తలుపు వేసుకుంది. పదకొండింటికి తలుపు తీస్తే దర్వాజ మీద, ఛాతీ ఎత్తున, ఎర్రటి బొట్టు. వాళ్లు క్రైస్తవులు. ఎవరో ఏదో చేసి పోయారని కోడలు భయపడి తుడవబోయింది. కరుణమ్మ ఆపింది.

“అర బొట్టు. అట్ల లోకంల ఒక్కతే పెడతది. వేలు పెట్టి చూసిన, తడిగ ఉండె. ఆముదం వాసన. మా పాస్టరుకు చెప్పలే, ఎవ్వలకు చెప్పలే. రాత్రంత పండుకోలే. పొద్దుగాల బస్సెక్కిన.”

మీకు మా అత్తమ్మ బొట్టు ఎట్లా తెలుసని అడిగాను.

ఆమె చెప్పింది. ఆమె తల్లి బాలమ్మ. వాళ్ల ఇల్లు ఆ షెడ్డు గోడ ఉన్న చోటే ఉండేది. వాళ్లు చర్చిలో కలిసి నెల కూడా కాలేదు. మా ఇంట్లో కార్యం వచ్చింది. అప్పుడే కొత్తగా కోడలై వచ్చిన అత్తమ్మ మొదటిసారి బొట్టు పిలుపుకు బయల్దేరింది. బాలమ్మ వాకిలి ఊడ్చుకొని దర్వాజలో నిలబడింది. అత్తమ్మ తల వంచుకొని దాటిపోయింది.

“నాకు పదేండ్లు. మరిచిపోయిందేమోనని ఎనుక ఉరికిన. ఒక్కొక్క ఇంటామె నొసలు చూసిన. అందరికి అర బొట్టు ఉన్నది. మాకే లేదు. గా బొట్టు నాకు ఎర్క లేకపోవుడేంది?”

లోపల మంచం కిర్రుమంది. అత్తమ్మ గోడ పట్టుకొని బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“బాలమ్మ బిడ్డవా?”

“అవునక్కా. కరుణను.”

“మీ అమ్మ?”

“పోయి మస్తేండ్లయింది. సచ్చేదాక గదే అన్నది. చిన్నపిల్ల, మరిచిపోయి ఉంటదని.”

అత్తమ్మ తల అడ్డంగా ఊపింది. “మరువలే. దాటిన. మీ అమ్మ బొట్టు తీసేసింది గదా, బొట్టు లేని మనిషికి బొట్టెట్ల పెడుదు అనుకున్న. దర్వాజకు పెడితే అయిపోతుండె. నాకు తట్టలే. మా అత్తను అడుగుదామంటే భయం. గంతే తప్పు. కానీ నేను దాటిననని బాటంత దాటింది. నీళ్లకాడ మీ అమ్మతోటి మాటలు బంద్ జేసిండ్రు. నేను నోరు తెరిచి తప్పు నాదని చెప్పలే. ఏడాది తిరగకముందే మీరు ఇల్లు విప్పుకొని పోయిండ్రు.”

ఇల్లు విప్పి వెళ్లేటప్పుడు టేకు దర్వాజను ఎవరూ వదిలిపెట్టరు. బాలమ్మ కుటుంబం కూడా దాన్ని బండిలో వేసుకొని తాండూరు తీసుకెళ్లింది. తర్వాత ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ దర్వాజనే నిలబెట్టారు.

అత్తమ్మ అట్లాగే నిలబడి ఉంది, కనిపించని కళ్లతో ఆమె వైపే మొహం పెట్టి. కూర్చోలేదు. చివరికి కరుణమ్మే లేచి ఆమె భుజం పట్టి అరుగు మీద కూర్చోబెట్టింది.

“అరవై ఏండ్లు పట్టిందా అక్కా, పక్కింటి నుంచి మా ఇంటికి వచ్చుడు?”

“పట్టింది.”

“ఇంతకు ఏం కార్యమో ఇప్పుడన్న చెప్తవా, లేకుంటే మల్ల బస్సెక్కాల్నా?”

అత్తమ్మ ఏడుస్తూనే నవ్వింది. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో నేను ఆమె ఏడవడం చూడలేదు. నేను టీ పెడతానని లోపలికి వెళ్లి గిన్నె ముందు నిలబడ్డాను. అది పొంగి, పొయ్యి ఆరిపోయేదాకా నిలబడే ఉన్నాను.

ఫోన్ తీసి ఫోటో చూశాను. అత్తమ్మ వేలు గాలిలో ఉంది. ఎర్రగా ఉంది. దాని వెనక జానెడు దూరంలో గోడ.

ఆదివారం కరుణమ్మ మళ్లీ వచ్చింది, పాపకు చిన్న గౌను పట్టుకొని. అత్తమ్మ ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకొని, తొట్టెలలో పాపను ఆమె చేతే వేయించింది. పెంటయ్య తాత ఆమెను చూసి తింటున్న చేయి ఆపాడు. కొంచెంసేపటికి, ఎవరూ అడగకుండానే, విస్తరి వైపు చూస్తూ “బాలమ్మ బిడ్డ గదా” అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు తగిలిన దెబ్బ, తాండూరు బొట్టు మాట విన్నప్పటికన్నా తక్కువది కాదు. ముగ్గురు విడివిడిగా నాకు ఒకే అబద్ధం చెప్పారు. నా నియమం ఎంత గొప్పదనుకున్నానో. ఊరంతా కలిసి ఒక సంగతిని మరిచిపోవాలనుకుంటే, ఇద్దరు కాదు, ఇరవై మంది సాక్షులున్నా ఏం లాభం?

మంగళవారం కొలత టేపు బ్యాగులో వేసుకొని తాండూరు వెళ్లాను. ఇంటి బయట నిలబడి ముందు కోడలినే విడిగా అడిగాను. తొమ్మిదింటికి తుడిచినప్పుడు బొట్టు లేదని, పదకొండింటికి ఉందని ఆమె చెప్పింది. ఆ రెండు గంటలూ ఎదురింటామె అరుగు మీద చిక్కుడుకాయలు ఏరుతూ కూర్చుందట. ఆమెనూ అడిగాను. ఎవరూ రాలేదంది.

బొట్టు అట్లాగే ఉంది. ఎండి నల్లబడింది. దగ్గరగా చూస్తే ఒక వైపు సగం చంద్రుడు, ఇంకో వైపు వేలు నలిగిన చోట గీసినట్టు తిన్నని గీత. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మా ఇంటి దేవుడి గూటికి చూస్తున్న బొట్టు అదే. ముక్కు దగ్గర పెడితే ఆముదం వాసన సన్నగా ఉంది.

దర్వాజ కాళ్ల మధ్య దూరం కొలిచాను. ఊరికి వచ్చి, షెడ్డు గోడ ముందున్న బండకు, దర్వాజ కాళ్లు దిగడానికి తొలిచిన గుంతల్లో మట్టి తీసి, వాటి మధ్య దూరం కొలిచాను. రెండూ మూడడుగుల రెండంగుళాలు. ఫోటో పక్కన పెట్టుకొని చూస్తే అత్తమ్మ వేలు సరిగ్గా కుడి గుంత మీద ఉంది. అక్కడ దర్వాజ నిలబడి ఉంటే, వేలు ఆగాల్సిన చోటే ఆగింది.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ఎవరో తెలిసినవాళ్లు తాండూరులో ఆ బొట్టు పెట్టి ఉండాలి. కానీ ఆ దర్వాజ తాండూరులో ఉందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు, అత్తమ్మకు కూడా. కరుణమ్మే పెట్టుకుందా అని కూడా ఆలోచించాను. ఆమె ముందు కూర్చొని టీ తాగి అట్లా ఆలోచించినందుకు సిగ్గుపడ్డాను. మా అత్తమ్మ బతికుందో లేదో కూడా ఆమెకు తెలియదు. ఆ గురువారం మేము పిలుపులకు బయల్దేరామని ఎట్లా తెలుస్తుంది? ఆ నలిగిన వేలు గుర్తు ఎక్కడి నుంచి తెస్తుంది? గ్రంథాలయంలో మూడు వారాలు వెతికాను. నాకు పనికొచ్చే పేజీ దొరకలేదు.

నోటుబుక్కులో ఇరవై ఏడో ఇల్లు రాశాను. బాలమ్మ, కూలి పని. చెప్పినవాళ్లు ఇద్దరు: నర్సమ్మ, కరుణమ్మ, విడివిడిగా. ఎందుకు వెళ్లిపోయారో కూడా రాశాను. బాటలో ఇద్దరు ముగ్గురు అది తీసేయమన్నారు. తీసేయలేదు.

మొన్న ఎండాకాలం మా మరిది కొత్తింట్లోకి దిగాడు. అత్తమ్మ మంచం దిగలేని స్థితిలో ఉంది. బొట్టు పిలుపుకు నేను ఒక్కదాన్నే వెళ్లాను. పన్నెండో ఇల్లు దాటాక ఆ మూడు బండల మీద నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకొని, వేలు కుంకుమలో ముంచి, సరిగ్గా కుడి గుంత మీద, జానెడు దూరంలో గాలిలో పెట్టాను. కరుణమ్మ పేరు పెట్టి పిలిచాను.

నా వేలికి ఏదీ ఆనలేదు. కుంకుమ వేలి మీదే ఉండిపోయింది. ఫోన్ చేసి దర్వాజ చూడమన్నాను.

“ఏం లేదు బిడ్డా, పాతదొక్కటే ఉన్నది” అంది కరుణమ్మ. “బస్సుల రా. చాయ పెడత.”

వెళ్లాను. మాకు నుదుటికి వద్దు, దర్వాజకు పెట్టుకో అంది. పెట్టాను. నాది నిండుగా, గుండ్రంగా పడింది. పక్కనే మా అత్తమ్మది, సగానికి తెగి, నల్లగా. కోడలు రోజూ దర్వాజ తుడుస్తుంది కానీ, ఆ చోటు వదిలేసి చుట్టూ తుడుస్తుందట.

ఆ బొట్టు ఎవరిదో నాకు తెలుసు. అది అక్కడికి ఎట్లా చేరిందో మాత్రం నేను ఈ రోజుకీ చెప్పలేను.